జీపీయూ 76 డిగ్రీలే, కానీ హాట్‌స్పాట్ 106: పెద్ద గ్రాఫిక్స్ కార్డు చాలాకాలం వాడాక నా రివ్యూ

ఈ గ్రాఫిక్స్ కార్డులో కోర్లెన్ని, ఏ గేమ్‌లో ఫ్రేములెన్ని లాంటివి రాయను, అవి ఎక్కడ వెతికినా దొరుకుతాయి. మూడు ఫ్యాన్లు, జీడీడీఆర్6ఎక్స్ మెమరీ, ఫుల్ లోడ్‌లో 320 వాట్లు లాగే పెద్ద కార్డు, వారంటీ ఉన్నన్నాళ్లూ వాడాను, అయిపోయాక కూడా అదే వాడుతున్నాను. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే ఇదే బాధ వేరే కంపెనీల కార్డుల్లోనూ వస్తుంది, పేరు చెబితే మాటంతా అటు పోతుంది. నాకు చెప్పాలని ఉన్నది ఒక్కదాని గురించే: హాట్‌స్పాట్ రీడింగ్. ఆ అంకె కనిపించకపోయి ఉంటే ఈ కార్డు ఈపాటికి పాత సామాన్ల అట్టపెట్టెలో ఉండేది.

గేమ్ ఆడుతుంటే స్క్రీన్ మూలన ‘జీపీయూ టెంపరేచర్’ అని ఒకటి కనిపిస్తుంది కదా, అంటే కార్డులోని ప్రధాన చిప్ వేడి, అది 80 లోపు ఉంటే చాలు, అందరం నిశ్చింతగా ఉంటాం. కానీ చిప్ అంతా ఒకే వేడిలో ఉండదు. రెండున్నర సెంటీమీటర్ల చదరంలో మూడొందల వాట్లు పుడుతుంటే ఒక మూల కంటే ఇంకో మూల ఎక్కువ కాలడం సహజమే. చిప్ లోపల చాలా చోట్ల సెన్సర్లు ఉంటాయి, ఆ క్షణానికి వాటిలో అన్నిటికంటే ఎక్కువ చూపించేదే హాట్‌స్పాట్. చిప్‌లు తయారుచేసే ఏఎండీ దీన్నే జంక్షన్ టెంపరేచర్ అంటుంది. 2019లో దాని ఆర్‌ఎక్స్ 5700 ఎక్స్‌టీ కార్డు వచ్చినప్పుడు అది 110 డిగ్రీల దాకా పోయినా మామూలేనని ఏఎండీ చెబితే జనం గుండెలు బాదుకున్నారు, పాత అలవాటుతో చూసే అంకెనీ దీన్నీ ఒకే గాటన కట్టేసి. మామూలు టెంపరేచర్‌కీ హాట్‌స్పాట్‌కీ మధ్య 10 నుంచి 15 డిగ్రీల తేడా బాగున్న కార్డులో కూడా ఉంటుంది, కొన్నిటిలో 20 కూడా చూశాను. 25 దాటి అక్కడే తిష్ట వేస్తే మాత్రం కూలర్ చిప్‌కి సరిగ్గా ఆనడం లేదన్నమాట.

కొత్తలో నా కార్డు గురించి అడిగినవాళ్లందరికీ ‘ఇంత పెద్ద కార్డు ఇంత చల్లగా ఉంటుందనుకోలేదు’ అనే చెప్పాను. అబద్ధమేం కాదు: జీపీయూ 67, హాట్‌స్పాట్ 79, ఫ్యాన్ల శబ్దం క్యాబినెట్ పక్కన చెవి పెడితే తప్ప వినిపించేది కాదు. ఇప్పుడెవరైనా అడిగితే ‘కొత్తలో’ అన్న మాట చేర్చి చెబుతున్నాను, అంతే.

కూలర్ పాడవలేదు, ఫ్యాన్లూ పాడవలేదు. మెల్లగా మొదలైంది. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో రాత్రంతా రెండర్ (బొమ్మలు తయారుచేసే పని) పెట్టే అలవాటు నాకు, ముందు పక్క గదిలోకి వినిపించని శబ్దం వినిపించడం మొదలైంది. దుమ్మేమో అనుకుని బ్లోయర్‌తో అంతా శుభ్రం చేశాను, ఒకట్రెండు డిగ్రీలు దిగింది, శబ్దం మాత్రం అలాగే ఉంది. తర్వాత గేమ్‌లో 1900 మెగాహెర్ట్జ్ దగ్గర నిలబడే క్లాక్ (చిప్ స్పీడు) పది నిమిషాలు కాగానే 1600లకి జారిపోవడం, కాసేపటికి మళ్లీ లేవడం, మళ్లీ జారడం. స్క్రీన్ మూలన చూస్తే 76. ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 30 సిరీస్ పెద్ద కార్డులకి ఇచ్చిన గరిష్ఠ పరిమితి 93, నాది దానికి చాలా దూరంలో ఉంది, మరి ఎందుకు పడుతోంది? సెన్సర్ల రీడింగులు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ తెరిచి జీపీయూ సెన్సర్లన్నీ కిందికి లాగి చూస్తే అసలు సంగతి బయటపడింది: హాట్‌స్పాట్ మాగ్జిమమ్ కాలమ్‌లో 106.4. ఇంకొంచెం కిందికి వెళ్తే ‘పెర్ఫార్మెన్స్ లిమిట్ - థర్మల్’ అనే వరుస, దాని ఎదురుగా ‘యెస్’. ఆ వరుస అంతకుముందు ఎప్పుడు చూసినా ‘నో’ అనే ఉండేది. 76కీ 106కీ మధ్య ముప్పై డిగ్రీలు!

అప్పటికి వారంటీ ఇంకా కొద్దిగా మిగిలి ఉంది. స్క్రీన్‌షాట్లన్నీ జత చేసి కార్డు సర్వీస్‌కి పంపాను. కొన్ని వారాల తర్వాత అదే కార్డు, అదే పేస్ట్‌తో (చిప్‌కీ కూలర్‌కీ మధ్య వేడి దాటడానికి పూసేది), వెనక్కి వచ్చింది, ఒక కాగితం తోడు: టెస్ట్ చేశాం, టెంపరేచర్ పరిమితి లోపలే ఉంది, లోపమేమీ లేదు. ఏ టెంపరేచర్ అని ఫోన్ చేసి అడిగితే ‘జీపీయూ టెంపరేచర్ సార్, 75’ అన్నాడు అవతలి మనిషి. హాట్‌స్పాట్ సంగతేంటంటే అది మా చెక్‌లిస్టులో లేదన్నాడు. అతని తప్పేముంది, అతని చేతిలో ఉన్న కాగితంలో ఒక్క అంకె రాయడానికే గడి ఉంది. నా కోపమంతా ఆ గడి మీద. కార్డు తనంతట తానే ‘నాకు వేడెక్కువైంది, స్పీడు తగ్గిస్తున్నాను’ అని సాఫ్ట్‌వేర్‌లో రాసి మరీ చూపిస్తుంటే, కాలిపోలేదు కాబట్టి బాగున్నట్టే అనడం నాకిప్పటికీ మింగుడుపడదు.

వారంటీ గడువు ముగిశాక విప్పాను. వెనక పలక తీసి, చిప్ చుట్టూ ఉండే నాలుగు స్ప్రింగ్ స్క్రూలు కొంచెం కొంచెంగా వదులు చేసి, ఫ్యాన్ వైర్ల చిన్న కనెక్టర్లు గోటితో పీకి (ఇక్కడే భయం, అవి విరిగితే మళ్లీ దొరకవు) కూలర్ ఎత్తితే కారణం కళ్లెదుటే ఉంది. పేస్ట్ అంతా చిప్ నాలుగంచుల వెంబడి కట్టలా పేరుకుని ఉంది, నడిమధ్యన సిలికాన్ అద్దంలా మెరుస్తోంది. దీన్ని పంప్ అవుట్ అంటారు. వేడెక్కినప్పుడు చిప్, దాని కింద బోర్డు, పైన రాగి పలక ఒక్కోటీ ఒక్కో మేర సాగుతాయి, చల్లారితే ముడుచుకుంటాయి, చిప్‌కీ పలకకీ మధ్య ఉన్న సన్నటి సందు ప్రతిసారీ కొంచెం కదిలి పేస్ట్‌ని బయటికి తోస్తుంది. దూది పరుపు మీద రోజూ ఒకేచోట కూర్చుంటే దూది పక్కలకి జరిగిపోయినట్టే. డెస్క్‌టాప్ ప్రాసెసర్లకి పైన లోహపు మూత ఉంటుంది కాబట్టి వాటికి ఇది తక్కువ, గ్రాఫిక్స్ కార్డుల్లో, లాప్‌టాప్‌లలో కూలర్ నేరుగా సిలికాన్ మీదే కూర్చుంటుంది కాబట్టి ఎక్కువ.

మళ్లీ పేస్ట్ పెడితే మళ్లీ ఇదే కథ. అందుకే ఫేజ్ ఛేంజ్ షీట్ వేశాను, హనీవెల్ పీటీఎం7950. మామూలు వేడిలో గట్టిగా, మైనం పూసిన కాగితంలా ఉంటుంది, 45 డిగ్రీల దగ్గర మెత్తబడి సందుల్లోకి పాకుతుంది, చల్లారితే మళ్లీ గట్టిపడుతుంది, పేస్ట్‌లాగా జారుతూ పోదు. వేయడం మాత్రం ఓపిక పరీక్ష. రెండు వైపులా పొర ఉంటుంది, గది వేడిగా ఉంటే పొరతోపాటు షీటే లేచి వచ్చేస్తుంది. కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీసి, చిప్ సైజుకి కత్తిరించి, ఒక పొర తీసి అతికించి, వేలితో నిమిరి, రెండో పొరని మూల నుంచి మెల్లగా లాగాలి. నాకు ఆ మూలే కొద్దిగా చిరిగింది, చిన్న ముక్క పక్కన అతికించాను, వేడెక్కితే ఎలాగూ కలిసిపోతుంది. స్క్రూలు ఎదురెదురు మూలలవి జంటగా, కొంచెం కొంచెంగా బిగించాలి, ఒక మూల ముందే బిగిస్తే మళ్లీ హాట్‌స్పాట్ మొదటికొస్తుంది.

వేసిన రోజే అద్భుతం ఆశించకండి. మొదటి రెండర్‌లో హాట్‌స్పాట్ 94 చూసి ఇంతేనా అని నీరసం వచ్చింది. నాలుగైదుసార్లు బాగా వేడెక్కి చల్లారాక దిగడం మొదలైంది. తర్వాత 84 దగ్గర స్థిరపడింది, జీపీయూ 71, తేడా 13. ఏడాది పైన అయింది, ఎండలు ముదిరినప్పుడు రెండూ కలిసి పైకి వెళ్తాయి, చలికి రెండూ కలిసి దిగుతాయి, మధ్యలో తేడా మాత్రం కదల్లేదు. నేను సంబరపడింది దీనికే! గదిలో పది డిగ్రీలు పెరిగితే చిప్‌లోనూ దాదాపు అంతే పెరుగుతుంది కాబట్టి విడిగా ఒక్క అంకె చూస్తే అది వాతావరణమో కార్డు లోపమో చెప్పలేం, తేడా చూస్తే చెప్పొచ్చు. ఒక మెలిక ఉంది, పవర్ తగ్గిస్తే తేడా కూడా తగ్గుతుంది. విప్పకముందు 0.85 వోల్టులకి అండర్‌వోల్ట్ చేసి (చిప్‌కి ఇచ్చే వోల్టేజ్ తగ్గించి) చూశాను, పవర్ దాదాపు అరవై వాట్లు తగ్గింది, హాట్‌స్పాట్ కూడా వంద లోపుకి వచ్చింది, పేస్ట్ మాత్రం అలాగే పోయి ఉంది. పోల్చాలంటే ఒకే పవర్ దగ్గర పోల్చాలి.

మెమరీ సంగతి అంత బాగాలేదు. జీడీడీఆర్6ఎక్స్ చిప్‌లు 110 డిగ్రీల దగ్గర స్పీడు తగ్గించుకుంటాయి, నావి 98 దగ్గర ఉన్నాయి, షీట్ వేశాక కూడా ఒకట్రెండు డిగ్రీలే మారింది, ఎందుకంటే వాటి మీద ఉండేవి వేరే థర్మల్ ప్యాడ్లు, కూలర్‌కి వేడి అందించే మెత్తటి పలకలు. వాటిని మార్చలేదు. మందం అర మిల్లీమీటరు ఎక్కువైతే కూలర్ పైకి లేచి అసలు చిప్‌కే ఆనదు, తక్కువైతే మెమరీకి ఆనదు, నా కార్డుకి ఎక్కడ ఎంత మందమో కంపెనీ ఎక్కడా చెప్పలేదు. కాబట్టి షీట్ వేస్తే అన్నీ చల్లబడిపోతాయని ఎవరైనా అంటే, చిప్ వరకు నమ్మండి.

ప్రాసెసర్ గురించి కూడా అడుగుతుంటారు, క్లుప్తంగా చెప్పేస్తా. నాది ఏఎండీ రైజెన్ 7000 సిరీస్‌ది, లోడ్ పెడితే నేరుగా 95కి వెళ్లి అక్కడే నిలబడుతుంది. 2022లో వచ్చినప్పుడే ఏఎండీ చెప్పింది, ఆ వేడి వరకు ఎంత స్పీడు వస్తే అంత తీసుకునేలా చేశామని. ఎంత పెద్ద కూలర్ పెట్టినా అంకె దిగకుండా స్పీడే పెరగడం చూసి నాకూ మొదట టెన్షన్ వచ్చింది, తర్వాత బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగ్స్) 65 వాట్ల ఎకో మోడ్ పెట్టాను, డెబ్బైల్లోకి వచ్చింది, నా పనిలో తేడా తెలిసీ తెలియనట్టుంది. పరిమితి కూడా అందరిదీ ఒకటి కాదు: ఏఎండీదే రైజెన్ 7800ఎక్స్3డీకి 89, ఇంటెల్ 14వ తరం డెస్క్‌టాప్ చిప్‌లకి 100, ఇంటెల్‌దే కోర్ అల్ట్రా 285కేకి 105. ‘80 దాటితే డేంజర్’ అని అన్నిటికీ కలిపి చెప్పే మాటకి అర్థం లేదు. ఇంకోటి, ఇంటెల్ 13, 14 తరాల చిప్‌లు క్రాష్ అవుతున్నాయని 2024లో గోలైంది కదా, దానికి ఇంటెల్ చెప్పిన కారణం చిప్ అడిగే వోల్టేజ్ మరీ ఎక్కువ కావడం, అందుకే మైక్రోకోడ్ (చిప్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఇచ్చి వారంటీ రెండేళ్లు పొడిగించింది. టెంపరేచర్ ఎంత పచ్చగా కనిపించినా అది పట్టుకోలేనివి ఉంటాయి.

ఇంతకీ ‘సేఫ్’ ఏది అంటే, కాలిపోతుందా అన్న భయమైతే అక్కర్లేదు, ఈ చిప్‌లన్నీ పరిమితికి చేరగానే స్పీడు తగ్గించుకుంటాయి, అప్పటికీ వేడి ఆగకపోతే పూర్తిగా ఆఫ్ అయిపోతాయి. నేను చూసేది స్పీడు నిలబడుతోందా, ఫ్యాన్లు అరుస్తున్నాయా, చుట్టూ ఉన్న కెపాసిటర్ల లాంటివి రోజూ ఎంత వేడిలో ఉడుకుతున్నాయా అన్నవి. గంటసేపు లోడ్‌లో హాట్‌స్పాట్ 90 లోపు, తేడా 20 లోపు ఉంటే నేను పట్టించుకోను. వంద దగ్గర గంటలకొద్దీ ఉంటే పరిమితి లోపలే అని ఎవరు చెప్పినా నాకు నిద్రపట్టదు. ఇది నా లెక్క, వారానికోసారి గంట గేమ్ ఆడేవాళ్లు ఇంత పట్టింపుగా ఉండాల్సిన పని లేదు.

కొనాలా అంటే, ఇలాంటి కార్డు సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నవాళ్లు పదిహేను నిమిషాలు లోడ్ పెట్టి హాట్‌స్పాట్ మాగ్జిమమ్ చూపించమని అడగండి, జీపీయూ టెంపరేచర్ ఫొటో పంపితే ఒప్పుకోకండి. తేడా ఎక్కువున్నా విప్పడం చేతనైనవాళ్లకి అది బేరమాడే అవకాశమే. వారంటీ ఉన్నవాళ్లు విప్పే ముందు షరతులు చదవండి, నాలా కాగితంతో తిప్పి పంపకుండా పని చేసే సర్వీస్ మీకు దొరకొచ్చు. నేను ఏసీ లేని గదిలో రాత్రుళ్లు రెండర్లు పెట్టే మనిషిని కాబట్టి నాకింత ముఖ్యమైంది. చిరాకేంటంటే ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌లో ఎన్‌విడియా ఈ హాట్‌స్పాట్ రీడింగ్‌నే మనకి కనిపించకుండా చేసింది, అప్‌గ్రేడ్ చేద్దామనుకున్నప్పుడల్లా నన్ను వెనక్కి లాగేది అదే. ప్రస్తుతానికి ఈ కార్డే ఉంటుంది, మెమరీ వంద దాటడం మొదలుపెడితే ప్యాడ్ల మందం సంగతి అప్పుడు కొలుచుకుంటా.