కొలువు సీనుకు మనుషుల కోసం: కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్

బొమ్మల కొలువు మెట్ల పక్కన పల్లె సీను పెట్టేవాళ్ళకి గోడలు, తాటాకు కప్పు, పొయ్యి, నూతి గట్టు అన్నీ ఇంట్లోనే తయారవుతాయి. థర్మోకోల్, ఐస్‌క్రీమ్ పుల్లలు, కొబ్బరి పీచు, కాస్త ఓపిక ఉంటే చాలు. మనుషులు మాత్రం బయటినుంచే రావాలి. తేడా కొట్టేది అక్కడే. గుమ్మం కన్నా ఎత్తయిన అత్తగారు, ఆవు అంత ఉన్న లేగదూడ, అరుగు మీద కూర్చోవాల్సిన చోట నిలబడిపోయిన తాతగారు. చెక్క బొమ్మకి కాళ్ళూ చేతులూ వంగవు, ఏ భంగిమలో చెక్కితే ఆ భంగిమలోనే ఉంటుంది. అందుకే ముందు బొమ్మలు కొని, తర్వాత వాటి చుట్టూ ఇల్లు కట్టుకోవడమే సరైన వరస. ఆ కొనుగోలుకు ఏ ఊరు వెళ్ళాలి, ఎక్కడ దిగాలి, ఎక్కడ ఏది వదిలేయాలి అన్నది ఇక్కడ చెబుతున్నాం.

బయలుదేరేముందు రెండు అట్టముక్కలు కోసుకోండి. చిన్నిళ్ళు కట్టేవాళ్ళు ఎక్కువగా వాడే కొలత అడుగుకు అంగుళం, అంటే అసలు ఎత్తులో 12వ వంతు. ఆ లెక్కన ఏడడుగుల గుమ్మం 17.8 సెం.మీ. వస్తుంది. మగమనిషి 14, ఆడమనిషి 13, ఎనిమిదేళ్ళ పిల్ల 10 సెం.మీ. ఒక అట్టలో 17.8 ఎత్తు, 7.6 వెడల్పు గుమ్మం కోసి, బొమ్మ వెనక నిలబెట్టి చూడండి. ఇంట్లో పట్టే బొమ్మో కాదో అప్పుడే తెలిసిపోతుంది. రెండో అట్ట పట్టీలా ఉండాలి, దాని మీద 7, 10, 13, 14 దగ్గర గీతలు. 7 ఎందుకంటే, 24వ వంతు కొలతలో మనిషి ఎత్తు అది. సీను వెనక గట్టు మీద నడిచేవాళ్ళు ఆ ఎత్తులో ఉంటే రెండడుగుల బల్ల మీద కూడా దూరం కనిపిస్తుంది. బాసిపట్టు వేసుకు కూర్చున్న పెద్దమనిషి బొమ్మ 7 నుంచి 7.5 సెం.మీ. ఉండాలి. కొలిచేటప్పుడు కింది పీట మందం తీసేయడం మరిచిపోవద్దు. ఎత్తులో అర సెంటీమీటరు తేడా ఎవరి కంటా పడదు కానీ, పక్కపక్కన పెట్టిన బొమ్మల తలకాయల సైజు కలవకపోతే చూసిన మరుక్షణమే తెలిసిపోతుంది.

మొదట కొండపల్లి. విజయవాడ నుంచి హైదరాబాదు రోడ్డు మీద ఇబ్రహీంపట్నం మీదుగా పాతిక కిలోమీటర్ల లోపే. బస్సులున్నాయి, ఆటోలున్నాయి, కాజీపేట లైను మీద కొండపల్లికి సొంత స్టేషనూ ఉంది. బస మాత్రం విజయవాడలోనే పెట్టుకోవాలి. భవానీపురం వైపు గది దొరికితే పొద్దున్నే ఊరి ట్రాఫిక్‌లో పడకుండా బయటపడొచ్చు. కృష్ణ ఒడ్డున పర్యాటక శాఖవారి బెర్మ్ పార్కు ఆ వైపే. రైలు దిగి అదే రోజు తిరిగి వెళ్ళేవాళ్ళయితే స్టేషను దగ్గరి లాడ్జి చాలు. బెంజి సర్కిల్ వైపు హోటళ్ళు బాగుంటాయి గానీ, ఈ పనికి అవి ఊరికి అవతలి చివర.

కొండపల్లిలో బొమ్మల కాలనీ అంటే ఎవరైనా చూపిస్తారు. రోడ్డు పక్క పెద్ద దుకాణాల దగ్గరే ఆగిపోకుండా, ఇళ్ళ ముందు కూర్చుని పనిచేసేవాళ్ళ దాకా వెళ్ళాలి. బొమ్మ ఎలా పుడుతుందో చూస్తేనే ఎక్కడ విరుగుతుందో తెలుస్తుంది. తెల్ల పొణికి చెక్క చాలా తేలిక, మెత్తన. దాన్ని సన్నసెగ మీద ఆరబెట్టి చెమ్మ తీస్తారు. మొండెం ఒక ముక్క, చేతులు వేరు, తలమీది బిందె వేరు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో వాటిని అతికి, ఆకురాయితో నునుపు చేసి, సుద్ద పూసి, ఆపైన రంగు వేస్తారు. కాబట్టి బలహీనమైన చోటు ఎప్పుడూ భుజమే. రంగు వేసిన బొమ్మ చేతిలోకి తీసుకుని భుజం చుట్టూ వెంట్రుకవాసి గీత ఉందేమో చూడండి. ఉంటే చెక్క పూర్తిగా ఆరకముందే అతికారన్నమాట, ఒక్క ఎండాకాలంలో ఆ చెయ్యి ఊడి చేతికొస్తుంది. పీట అడుగున గుండుసూది మొన అంత రంధ్రాలు, వాటి చుట్టూ మెత్తటి పొడి ఉంటే పురుగు పట్టినట్టు. అది ఎంత ముద్దొచ్చినా వద్దు, మిగతా కొలువుకీ పాకుతుంది.

రంగు సంగతి మరోటి. కొన్నిటికి నీటి రంగులు, కొన్నిటికి ఎనామిల్. తడిపిన దూది పుల్లతో పీట అడుగున రుద్దితే రంగు అంటుకుందంటే నీటి రంగు. దాన్ని ఇంట్లో తడిగుడ్డతో తుడవకూడదు, పొడి కుంచెతో దులుపుకోవాలి. ఎనామిల్ గట్టిదే గానీ, సీనులో చిన్న ఎల్‌ఈడీ బల్బు పెడితే మొహం మీద మెరుపు చుక్క పడి కళ్ళూ ముక్కూ కనిపించవు. దీపం వెలుగు సీన్లకి నీటి రంగు బొమ్మలే అందం. ఇంకా మంచి దారి, రంగు వేయని తెల్ల బొమ్మ అడగడం. దొరికితే, మన సీనులో గోడ రంగుకి తగ్గట్టు చీర రంగు మనమే వేసుకోవచ్చు.

సెట్లు కొనేటప్పుడు మొత్తం పెట్టె కళ్ళు మూసుకుని తీసుకోవద్దు. పల్లె సెట్టులో దంచేవాళ్ళు, తిరగలి తిప్పే ఆవిడ, చల్ల చిలికే ఆవిడ, కావడి మోసేవాడు సాధారణంగా ఒకరికొకరు కుదురుతారు. ఎడ్లబండి దగ్గర లెక్క తప్పుతుంది. 12వ వంతులో ఎద్దు మూపురం దగ్గర 10–11 సెం.మీ. ఉండాలి, చాలా బళ్ళకి అంతకన్నా చిన్నవి ఉంటాయి. దాన్ని సీను వెనక్కి జరిపితే సరిపోతుంది. అంబారీ ఏనుగూ అంతే, లెక్కప్రకారం 22 సెం.మీ. పైన ఉండాల్సిన జంతువు. ఇక కొండపల్లి పేరు చెప్పగానే గుర్తొచ్చే తాటిచెట్టు, దాని మీద గీత కార్మికుడు. నిజం తాటిచెట్టు కొలతకి దించితే మీటరు దాకా పోతుంది, కొన్న చెట్టు జానెడో, జానెడున్నరో. ఇల్లు పక్కన పెడితే కుండీలో మొక్కలా ఉంటుంది. సీను చిట్టచివర, గట్టు మీద, మనుషులెవరూ పక్కన లేకుండా పెట్టండి, చెట్టు ఒక్కసారిగా పెరుగుతుంది.

మనకు కావలసిన భంగిమ లేకపోతే చేయించుకోవచ్చు. నోటితో చెబితే కుదరదు. అసలు సైజులోనే కాగితం మీద ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి బొమ్మ గీసి ఇవ్వాలి. కూర్చునే బొమ్మయితే కుర్చీ ఎత్తు కూడా రాయాలి, 12వ వంతులో 3.7 సెం.మీ. కోస్తాలో కొలువు సంక్రాంతికి కాబట్టి డిసెంబరులో అందరి చేతుల్లోనూ పని నిండుగా ఉంటుంది. దసరా వెళ్ళగానే ఆర్డరు ఇచ్చేయడం మంచిది. దసరాకే కొలువు పెట్టే తెలంగాణ, రాయలసీమ వాళ్ళు ఎండాకాలంలోనే వెళ్ళిరావాలి.

సర్దడంలో దుకాణాన్ని పూర్తిగా నమ్ముకోకండి. వార్తాపత్రిక సిరా తెల్ల రంగుకు అంటుతుంది. గాలి బుడగల ప్లాస్టిక్ నేరుగా చుడితే కొత్త ఎనామిల్ మీద గుండ్రటి అచ్చులు పడతాయి. పాత నూలు చీర ముక్కలు ఇంటి నుంచి పట్టుకెళ్ళి ముందు అవి చుట్టి, దానిపైన ప్లాస్టిక్ చుట్టండి. కొండపల్లి కోట కూడా చూడాలంటే పొద్దున్నే కోట ఎక్కి, దిగివచ్చాక బొమ్మలు కొనండి. కొన్నాక ఎండలో ఆగిన కారులో గంటలకొద్దీ ఉంచితే మక్కు అతుకులు పగులుతాయి.

ఏటికొప్పాక దారి వేరు, బొమ్మ కూడా వేరే రకం. విశాఖ నుంచి 65 కిలోమీటర్ల దాకా ఉంటుంది, వరాహ నది ఒడ్డున ఊరు, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. దగ్గరి స్టేషను నర్సీపట్నం రోడ్డు. అన్ని రైళ్ళూ ఆగవు గనక ఆగే బండి చూసుకుని టికెట్టు తీయాలి. బస్సులో అయితే హైవే మీద అడ్డరోడ్డులో దిగి ఆటో. బసకు విశాఖ స్టేషను దగ్గరో, అనకాపల్లిలోనో గది తీసుకోండి. సముద్రం కోసమని రుషికొండలో దిగితే రోజూ నగరం మొత్తం దాటి రావాలి, పొద్దుట గంట అక్కడే పోతుంది. మధ్యాహ్నం భోజనం సంగతి ముందే చూసుకుని బయలుదేరడం మేలు.

ఇక్కడ చెక్క అంకుడు కర్ర. చెక్కడం ఉండదు, తరిణె (లేత్) మీద తిప్పి చేస్తారు. గిరగిరా తిరిగే కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్ర చుట్టూ తొడుగులా పరుచుకుంటుంది. వెంటనే మొగలి ఆకుతో అదిమితే అద్దంలా మెరుస్తుంది. పసుపు, నీలిమందు, జాఫ్రా లాంటి సహజ రంగులు ఈ ఊరి ప్రత్యేకత. వాటి కోసం ఏళ్ళ తరబడి పనిచేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలతోనే తీర్చారు.

సీను కట్టేవాళ్ళు ఒక్కటి గుర్తుంచుకోవాలి. తరిణె మీద పుట్టింది గుండ్రంగానే ఉంటుంది. ఏటికొప్పాక మనిషికి విడివిడిగా కాళ్ళుండవు, కూర్చోవడం ఉండదు. కొండపల్లి మనిషి పక్కన నిలబెడితే ఇద్దరూ వేర్వేరు లోకాల వాళ్ళలా కనిపిస్తారు. కాబట్టి వాటిని కలపొద్దు. పెళ్ళి బృందం, మేళం వాళ్ళు కావాలంటే మొత్తం సీనంతా ఏటికొప్పాకవే పెట్టండి. కొండపల్లి బొమ్మలున్న ఇంటికి ఇక్కడ కొనాల్సినవి సామాను: బిందెలు, చెంబులు, రోలు, తిరగలి, లక్కపిడతలు. మన కొలతలో నీళ్ళ బిందె 3 సెం.మీ. ఎత్తుకు మించకూడదు. పిల్లలు ఆడుకునే లక్కపిడతల్లో ఎక్కువ భాగం అంతకన్నా పెద్దవే, అట్టపట్టీ పెట్టి ఏరుకోవాలి. లక్క వేడికి మెత్తబడుతుంది, స్పిరిట్‌కి కరుగుతుంది. శానిటైజరు చేత్తో ముట్టుకున్నా జిగట మరక పడుతుంది. పసుపు రంగు నేరుగా ఎండ తగిలితే వెలిసిపోతుంది, కిటికీ పక్క సీనులో పెట్టకండి. పైన నునుపు లక్క ఉంటే జిగురు పట్టదు, అతికేముందు అడుగుభాగం గరుకు కాగితంతో చెక్క తేలేదాకా రుద్దాలి.

నిర్మల్‌ గురించి క్లుప్తంగా. హైదరాబాదు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద 200 కిలోమీటర్లకు పైనే. ఒక్క బొమ్మల కోసం అంత దూరం వెళ్ళమని చెప్పం, బాసర యాత్ర ఉంటే కలుపుకోండి. అక్కడి పళ్ళు, కూరగాయలు అచ్చం నిజమైనవాటిలా చేస్తారు, అందుకే మన చిన్ని వంటింట్లో అవి పట్టవు. పక్షులు, జింకలు మాత్రం అడవి సీనుకు బాగా కుదురుతాయి. ప్రయాణమే కుదరనివాళ్ళకు లేపాక్షి, గోల్కొండ పేర్లతో ప్రభుత్వ హస్తకళల షోరూములున్నాయి. బిల్లు ఉంటుంది, బేరం ఉండదు, సరుకు ఏరి పెట్టి ఉంటుంది. విడి చెయ్యి, రంగు వేయని బొమ్మ, మన గీత ప్రకారం భంగిమ లాంటివి మాత్రం పనివాళ్ళ గుమ్మంలోనే దొరుకుతాయి.

ఇంటికి తెచ్చాక మొదటి పని పీటలు దాచడం. కాళ్ళ కింద చెక్క పలక కనిపిస్తే మనిషి మట్టి మీద నిలబడ్డట్టుండదు. సీను నేలకు 1 సెం.మీ. మందం థర్మోకోల్ పరిచి, ప్రతి పీట చుట్టూ పెన్సిలుతో గీసి, అంత మేర పీట మందం లోతున కోసి బొమ్మను అందులో దించండి. పైన ఫెవికాల్, నీళ్ళు సమానంగా కలిపి పూసి, జల్లించిన ఎర్రమట్టి చల్లితే అంచు కలిసిపోతుంది. పూసేముందు బొమ్మను తీసేసి, దాని స్థానంలో అదే సైజు అట్టముక్క పెట్టాలి, లేకపోతే చెమ్మ చెక్కకు ఎక్కుతుంది. థర్మోకోల్ మీద స్ప్రే రంగులు వాడకండి, అది కరిగి గుంటలు పడుతుంది. బొమ్మ కదలకుండా పీట అడుగున ఆవగింజంత తేనెమైనం ముద్దలు మూడు చాలు, పండగయ్యాక మెలితిప్పితే ఊడొస్తుంది. విరిగిన చేతికి ఫెవికాల్‌లో రంపపు పొట్టు కలిపి అతికి, ఒక రాత్రి దారం కట్టి ఉంచండి. క్షణాల్లో అతికే జిగురు వాడితే చుట్టూ రంగు మీద తెల్లటి పొర లేస్తుంది, అది పోదు.

ఆఖరున చూపులు. కొండపల్లి మనిషి కళ్ళు ఎటు రాసి ఉంటే అటే చూస్తాడు, అందరినీ చూసేవాళ్ళ వైపు తిప్పితే గ్రూపు ఫొటోలా ఉంటుంది. చల్ల చిలికే ఆవిడను కవ్వం వైపు, పిల్లను ఆవిడ వైపు, తాతగారిని వీధి వైపు తిప్పండి. వెనకవైపు రంగు పలచగా ఉన్న బొమ్మను గోడకు ఆనించండి. దీపం పైనుంచి పడితే ముక్కు నీడ మూతిని కప్పేస్తుంది. బల్బును గుమ్మం పక్కన, బొమ్మ భుజం ఎత్తులో, ఒక కాగితం చాటున పెట్టండి.