మా చిట్టి, సర్కారు పశువుల దవాఖాన: ఏడేళ్ల అనుభవం

2018 వానాకాలంలో కాజీపేటలో మా గల్లీ మోరీ పక్కన తడిసి వణుకుతూ దొరికింది మా కుక్కపిల్ల చిట్టి. అప్పటికి దానికి రెండు నెలలు కూడా ఉండవు. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను, నెల నెలా ఆదాయం ఒకేలా ఉండదు. "పెంచగలమా?" అని మా ఆయన అడిగితే, "మనం తినేదే ఇంత పెడదాం, ఏమవుతుంది" అన్నాను. తిండి నిజంగానే బరువు కాలేదు. అసలు ఖర్చు దవాఖానదని తర్వాత అర్థమైంది. ఈ ఏడేళ్లలో మాకు దగ్గరున్న సర్కారు పశువుల దవాఖానకు ముప్పై సార్లకు తక్కువ పోయి ఉండను. మాలాంటి ఇళ్లలో కుక్కను పెంచుకోవాలనుకునేవాళ్ల కోసం ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

టీకాలు, నట్టల మందు, గజ్జి, చిన్న గాయాలు, వీటన్నిటికీ సర్కారు దవాఖానే చాలు. ఈ మాట గట్టిగా చెప్తాను. పొద్దున్నే పోవాలి. మధ్యాహ్నానికి డాక్టరు గారు ఊళ్లకు పోతారు. బర్రెలను నిలబెట్టే ఇనుప చట్రం పక్కన, మేకలు గొర్రెల నడుమ కూర్చోవాలి కాబట్టి కుక్క బెదురుతుంది. నేను లైనింగ్ గుడ్డ పట్టీ ఒకటి వెంట తీసుకుపోతాను. మూతి చుట్టూ ఒక చుట్టు, దవడ కింద ముడి, చెవుల వెనక లాగితే ఊడే జారుముడి. కాంపౌండరుకు భయం ఉండదు, సూది ఒక్క నిమిషంలో అయిపోతుంది.

రేబిస్ టీకా ఏటా జూలై 6న ఉచితంగా వేస్తారు. 1885లో లూయీ పాశ్చర్ ఒక పిల్లవాడికి మొదటిసారి రేబిస్ టీకా వేయించిన రోజు అది. నేను ఆ తారీఖును క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో చుట్టి పెట్టుకుంటాను. పార్వో, డిస్టెంపర్ అనే కుక్కల జబ్బులకు కలిపి వేసే టీకా మాత్రం మా దవాఖానలో చాలాసార్లు ఉండదు. బయట కొని, ఐసు ముక్కల మధ్య పెట్టి తీసుకుపోతే వేస్తారు. ఒక్కసారి వేయించి ఊరుకుందామనుకున్నాను. డాక్టరు గారు ఒప్పుకోలేదు. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ శక్తి టీకాను పని చేయనీయకుండా అడ్డుపడుతుందట. అందుకే నాలుగు నెలల వయసు దాకా మూడు నాలుగు వారాలకోసారి మళ్లీ వేయాలని చెప్పారు. ఆయన గట్టిగా చెప్పకపోతే నేను ఆపేసేదాన్నే. ఆ తర్వాతి నెలలోనే మా గల్లీలో మూడు కుక్కపిల్లలు నెత్తుటి విరేచనాలతో పోయాయి.

ఇక లోటు. రక్త పరీక్ష లేదు, ఎక్స్‌రే లేదు, రాత్రి పూట ఎవరూ ఉండరు. 2019 జూన్‌లో ఒక శనివారం చిట్టి అన్నం ముట్టలేదు. ఎండకేమోలే అనుకున్నాను. ఆదివారం రాత్రి ముక్కు నుంచి నెత్తురు చుక్కలు పడ్డాయి. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు కడిగిన గుడ్డలా తెల్లగా ఉన్నాయి. ఒక ప్రైవేటు క్లినిక్‌కు ఆటోలో పరుగెత్తాం. కుక్క ఒంటికి పట్టి నెత్తురు తాగే గోమార్ల వల్ల వచ్చే జ్వరం, ప్లేట్‌లెట్లు పడిపోయాయి అన్నారు. మూడు రోజులు సెలైన్, పరీక్షలు. చివర్లో 9,400 రూపాయల బిల్లు చేతిలో పెట్టారు. ఎంతవుతుందో ముందు ఒక్క ముక్క చెప్పలేదు. వైద్యం బాగా చేశారు, కాదనను. ముందే చెప్పి ఉంటే మాత్రం అంత టెన్షన్ పడేదాన్ని కాదు.

చిట్టి వచ్చిన నెలలోనే పోస్టాఫీసులో నెలకు 500 చొప్పున ఆర్‌డీ మొదలుపెట్టాను. ఆ పైసలు అప్పుడు పనికి రాలేదు. ఐదేళ్ల ఆర్‌డీని మూడేళ్లు నిండకుండా తీసుకోలేం, లోన్ కావాలన్నా పన్నెండు వాయిదాలు కట్టి ఉండాలి. మహిళా సంఘంలో అప్పు తెచ్చి బిల్లు కట్టాను. అప్పటి నుంచి చిట్టి డబ్బు విడిగా ఒక సేవింగ్స్ ఖాతాలో వేస్తున్నాను. ఏ క్లినిక్‌కు పోయినా ముందే అడుగుతాను: "సార్, ఇవాళే చేయాల్సిన పరీక్ష ఏది, రెండు రోజులు ఆగగలిగేది ఏది?" మంచి డాక్టరు ఈ మాటకు కోపం తెచ్చుకోరు, కూర్చోబెట్టి వివరంగా చెప్తారు.

తర్వాత ఇరవై ఎనిమిది రోజులు వేసిన డాక్సీసైక్లిన్ గోళీలు మామూలు మెడికల్ షాపులోనే దొరికాయి, పెద్ద ధర కూడా కాదు. ఖాళీ కడుపున వేస్తే కక్కేది, అన్నంలో పెట్టి వేసేదాన్ని. మనుషుల జ్వరం గోళీలు, నొప్పి గోళీలు మాత్రం సొంతంగా ఎప్పుడూ వేయకండి. పక్కింటామె ఇవ్వబోతే నేనూ తీసుకోబోయాను. డాక్టరు గారు అవి లివరు, కిడ్నీల మీదికి వస్తాయని చెప్పారు.

ఇప్పుడు ప్రతి ఆదివారం రాత్రి కుట్టుమిషన్ లైటు కింద చిట్టిని పడుకోబెట్టి చూస్తాను. చెవి మడతల్లో, వేళ్ల సందుల్లో, తోక మొదట్లో గోమార్లు దాక్కుంటాయి. చిగురు మీద బొటనవేలితో నొక్కి వదిలితే వెంటనే గులాబీ రంగు తిరిగి రావాలి. గోమారి తాగినంత తాగి కింద పడి గోడ పగుళ్లలో గుడ్లు పెడుతుంది. అందుకే వసారా గోడల పగుళ్లన్నీ సిమెంటుతో పూడ్పించాను. కుక్క మీద ఎంత మందు కొట్టినా గోడ వదిలేస్తే లాభం లేదు.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌ను రెండేళ్లు వాయిదా వేశాను. ఆ ఆపరేషన్ చేయించని మా వదిన వాళ్ల కుక్కకు గర్భసంచిలో చీము పట్టి, పొట్ట ఉబ్బి, ఆపరేషన్ బల్ల మీదే ప్రాణం పోయింది. పది రోజుల్లో చిట్టిని తీసుకుపోయాను. ప్రైవేటులో 6,500 అయింది. ఖాతాలో ఉన్నది సరిపోయింది, ఎవరినీ అడగలేదు. వచ్చిన రోజు రాత్రి మత్తు దిగక మూలుగుతుంటే తెల్లవారేదాకా దాని తల నా ఒళ్లోనే పెట్టుకున్నాను.

పల్లెల్లో ఉండేవాళ్లకు ఇంకో మాట. పరకాల దిక్కు మా అమ్మగారింట్లో బర్రె ఈనలేక తిప్పలు పడితే 1962కు ఫోన్ చేశారు, పశువుల వైద్యం బండి ఇంటికే వచ్చింది. ఆ నంబరు గోడ మీద రాసి పెట్టుకోండి.

చిట్టికి ఏడేళ్లు నిండాయి. మూతి మీద వెంట్రుకలు తెల్లబడుతున్నాయి. ఇక నుంచి ఏడాదికోసారి రక్త పరీక్ష చేయిస్తే మంచిదని పోయిన వారం డాక్టరు గారు అన్నారు. ఈ నెల నుంచి ఖాతాలో 500 బదులు 700 వేస్తున్నాను.