చలికాలంలో ఒంటరిగా గుడారం, గాలం: కంభం చెరువా, సోమశిలా, పాకల తీరమా?

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలలో జనవరి రాత్రులు సాధారణంగా 20 డిగ్రీల దగ్గర ఆగుతాయి. పగలు 30కి అటూ ఇటూగా ఉంటుంది. కొండ ప్రాంతాలకు వెళ్లేవారిలాగా మందపాటి నిద్రసంచులూ ఉన్ని దుస్తులూ మోసుకుపోవలసిన పని లేకుండా, ఒక రగ్గు, ఒక మంకీ టోపీ, చిన్న టెంటుతో నీటి ఒడ్డున రెండు రాత్రులు గడపగలిగే వీలు మనకు ఇంటి దగ్గరే ఉంది. అలా ఒక్కడే వెళ్లి గాలంతో చేపలు పట్టుకోవాలనుకునే వ్యక్తికి ఇక్కడ మూడు రకాల చోట్లు కనిపిస్తాయి: పాత చెరువు, పెద్ద జలాశయం, సముద్రపు ఒడ్డు. ఈ మూడు చోట్లా నేను గాలం వేశాను. రెండు చోట్ల ఒంటరిగా రాత్రి గడిపాను. చేపలు ఎక్కడ ఎక్కువ పడతాయన్న లెక్క ఒక్కటే చూసి చోటు ఎంచుకోవడం ఒంటరి మనిషికి తగదు. రాత్రి రెండు గంటలకు ఏదైనా జరిగితే, పిలిస్తే పలికే మనిషి ఎంత దూరంలో ఉన్నాడన్నది ముందు చూసుకుని, చేపల సంగతి ఆ తరువాత చూసుకోవాలి. ఈ పోలిక అంతా ఆ కొలతతోనే చేస్తున్నాను.

చోటు కంటే ముందు తేదీ తేల్చుకోవాలి. చలికాలం అనగానే చాలామంది నవంబరు, డిసెంబరు అనుకుంటారు గానీ, మన తీరానికి ఆ రెండు నెలలూ ఇంకా వానకాలమే. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో అధిక భాగం ఈశాన్య రుతుపవనాల వల్ల అక్టోబరు, డిసెంబరు నెలల మధ్యనే కురుస్తుంది. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంత పెద్ద ఉపద్రవం లేకపోయినా, ఒక డిసెంబరు మొదటి వారంలో తీరాన ఒంటి పొర టెంటులో పడుకుని, అర్ధరాత్రి మొదలైన వానకు తెల్లవారేదాకా తడిసిన రగ్గు కప్పుకుని కూర్చున్న అనుభవం నాకు ఉంది. సంక్రాంతి మూడు రోజులూ, ముఖ్యంగా కనుమ నాడు, తీరమంతా జనంతో నిండిపోతుంది కనుక అవీ వదిలేయాలి. జనవరి మూడవ వారం నుంచి, చలి శివశివా అంటూ వెళ్లిపోయే మహాశివరాత్రి దాకా ఉన్న రోజులే మనవి.

మొదట కంభం చెరువు సంగతి. పశ్చిమ ప్రకాశం ప్రాంతంలో గుండ్లకమ్మ నదికి అడ్డంగా, రెండు కొండల నడుమ కట్ట పోసి నిర్మించిన ఈ చెరువు విజయనగర కాలం నాటిది. దీనిని రాజకుమారి వరదరాజమ్మ కట్టించిందని స్థానికులు చెప్పుకుంటారు. అంతర్జాతీయ నీటిపారుదల, మురుగుపారుదల కమిషన్ 2020లో దీనిని వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. కట్ట మీద నిలబడి చూస్తే నీటి మధ్యలో చిన్న చిన్న దిబ్బలు, ఆవల కొండల వరుస, పొద్దు వాలుతుంటే రంగు మారే నీరు కనిపిస్తాయి. ఇంతటి శాంతమైన చోటు ఈ చుట్టుపక్కల మరొకటి నేను చూడలేదు. గుంటూరు, నంద్యాల మధ్య నడిచే రైళ్లలో కంభం స్టేషనులో దిగవచ్చు కాబట్టి సొంత బండి లేనివారికి కూడా ఇది అందుబాటులోనే ఉంటుంది. అయితే ఈ చెరువు ఏటా నిండదు. ఆ సంవత్సరం నీరు వచ్చిందో లేదో ముందుగా కనుక్కోకుండా బయలుదేరితే, ఎండిన చెరువు అడుగున మేస్తున్న గొర్రెలను చూసి తిరిగి రావలసి వస్తుంది.

గాలం వేసేవారికి చెరువు అన్నిటికంటే ఓర్పుగా నేర్పే బడి. బొచ్చె, శీలావతి వంటి పెంపకపు చేపలు, తవుడు కలిపిన గోధుమపిండి ముద్దకు వచ్చే పరిగెలు, జిలేబీలు అని అందరూ పిలిచే తిలాపియా, వానపాముకు పడే జెల్లలు, తూటికాడ మాటున పొంచి ఉండే కొర్రమీను, ఇన్ని రకాలు ఒకే నీటిలో ఉంటాయి. చలి రోజులలో చేప తెల్లవారుజామున మందకొడిగా ఉంటుంది. ఎండ తగిలి ఒడ్డు నీరు వెచ్చబడిన తరువాత, అంటే సుమారు పది గంటల నుంచి మధ్యాహ్నం మూడు వరకు బెండు కదలడం ఎక్కువగా చూశాను. ఒక హెచ్చరిక తప్పదు. ఇంగిలీకం అనే ముళ్ల చేప పడితే చేత్తో పట్టుకోకూడదు. దాని ముల్లు గుచ్చుకుంటే గంటల తరబడి మంట తగ్గదు, ఒంటరిగా ఉన్నప్పుడు ఆ బాధ రెట్టింపుగా తోస్తుంది.

చెరువులో చేపలు ఎవరివీ కావనుకోవడం మాత్రం పెద్ద పొరపాటు. మన చెరువులలో చేపపిల్లలను వదిలి, కాపాడి, పట్టుకునే హక్కు సాధారణంగా స్థానిక మత్స్యకార సహకార సంఘాలకు ఉంటుంది. సరదాగా గాలం వేసుకునేవాడు కూడా ముందుగా సంఘం పెద్దలను కలిసి, ఎన్ని గంటలు వేస్తాడో, ఏ చేపను తీసుకుంటాడో చెప్పి, వారు అడిగిన రుసుము చెల్లించడం న్యాయం. అలా అడిగితే కాదన్న సంఘాన్ని నేను ఇంతవరకు చూడలేదు. పైగా ఎక్కడ లోతు ఉందో, ఎక్కడ ఊబి ఉందో వారే చూపిస్తారు.

కంభం దగ్గర నన్ను వెనక్కి లాగేది రాత్రి. తీరం కంటే అక్కడ చలి ఎక్కువ, నల్లమల అడవి దగ్గర. పొద్దుగూకిన తరువాత కట్ట మీద మనుషుల సంచారం ఉండదు. రాతికట్ట సందులు, గట్టు వెంట పొదలు పాములకు అనువైన తావులు. కట్లపాము వెచ్చదనం కోసం నేల మీద పడుకున్నవారి పక్కలోకి చేరుతుందన్న సంగతి పల్లెల్లో అందరికీ తెలిసినదే. అందువల్ల అక్కడ పగలంతా గాలం వేసి, రాత్రికి ఊళ్లోకి వచ్చి పడుకోవడం మేలని నా నిశ్చయం. అప్పుడది గుడారపు యాత్ర కాకుండా పోతుంది, నిజమే. కానీ ఒక్కడికి అదే తగినది.

సోమశిల, కండలేరు జలాశయాల గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. పెన్న మీద సోమశిల దాదాపు 78 టి.ఎం.సి.ల నీటిని, తెలుగుగంగలో భాగమైన కండలేరు దాదాపు 68 టి.ఎం.సి.ల నీటిని నిలుపుకోగలవు. అంత నీటిలో పెద్ద చేపలు ఉంటాయి, పుట్టి మీద తిరిగే జాలరులకు అవి దొరుకుతాయి కూడా. ఒడ్డున కూర్చుని గాలం వేసేవాడికి మాత్రం ఆ లోతు సాయపడదు. చేప ఎక్కడ ఉందో తెలియదు, ఒడ్డు ఒక్కసారిగా దిగిపోతుంది, నీటిమట్టం విడుదలలను బట్టి మారుతుంటుంది. ఆనకట్ట పరిసరాలలో రాత్రి ఉండనివ్వరు. వెనుక వైపు కొండలలోకి వెళదామంటే పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది. అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడ టెంటు వేయడం నేరం, అనుమతి ఉన్నా ఎలుగుబంట్లు, చిరుతలు తిరిగే చోట ఒంటరిగా పడుకోవడం తెలివైన పని కాదు. నలుగురు కలిసి వెళ్లేటప్పుడు ఆత్మకూరు మీదుగా సోమశిలకు వెళ్లి పగలు గడిపి రావచ్చు. ఒక్కడికి ఈ చోటును నేను పూర్తిగా తోసిపుచ్చుతున్నాను.

ఇక తీరం. నెల్లూరుకు పాతిక కిలోమీటర్ల లోపు మైపాడు, ఒంగోలుకు దగ్గరలో కొత్తపట్నం, సింగరాయకొండ రైల్వే స్టేషను నుంచి ఆటోలో వెళ్లగలిగే పాకల, ఈ మూడూ నాకు బాగా పరిచయం ఉన్నవి. మైపాడుకు సెలవు రోజులలో జనం ఎక్కువ. కొత్తపట్నం మధ్యస్థం. ఒంటరిగా ఉండాలనుకునేవాడికి పాకల నాకు ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే అక్కడ ఏకాంతం, మనుషుల తోడు రెండూ ఒకేసారి దొరుకుతాయి. పల్లెపాలెం ఇళ్లకు కొంచెం ఎడంగా, కేక వేస్తే వినబడే దూరంలో టెంటు వేసుకుంటే, పొద్దుపోయేదాకా అలల చప్పుడు తప్ప మరేమీ వినబడదు. తెల్లవారుజామున మాత్రం బోట్లను నీటిలోకి నెట్టే మత్స్యకారుల మాటలు వినిపిస్తాయి. వెళ్లగానే ఊరి పెద్దలకు ఒక మాట చెప్పి, మెరైన్ పోలీసులకు కూడా తెలియజేసి టెంటు వేసుకోవాలి. మొదటిసారి నేను అలా చెప్పినప్పుడు ఒక పెద్దాయన ఒడ్డు దాకా వచ్చి, "మోకాలు దాటి దిగబాక నాయనా, ఇసక కింద నుంచి లాగేస్తది" అన్నారు. ఆ మాటను ఇప్పటికీ దాటలేదు. మన తీరంలో అలలు విరిగే చోట వెనక్కి లాగే ప్రవాహం బలంగా ఉంటుంది. ఈత వచ్చినవారు కూడా మునిగిపోతున్నారు.

ఒడ్డు నుంచి వేసే గాలానికి పొడవైన కర్ర, రీలు, బరువైన సీసపు గుండు కావాలి. చెరువు సామాను ఇక్కడ పనికిరాదు, కనుక ఖర్చు కొంచెం ఎక్కువే. ఎరకు ఇబ్బంది లేదు, ఈ ప్రాంతమంతా రొయ్యల చెరువులే. పోటు మొదలయ్యే వేళ, పొద్దు పొడిచే ముందు, మసకబడే వేళ గాలం వేస్తే సముద్రపు జెల్లలు తరచుగా, అదృష్టం ఉంటే మాగ, నదుల మొగల దగ్గర పండుగప్ప పడతాయి. ఉత్త చేతులతో తిరిగి వచ్చిన రోజులు చెరువు కంటే ఇక్కడ ఎక్కువని దాచకుండా చెప్పాలి. కానీ గాలానికి పడకపోయినా కూరకు లోటుండదు. ఉదయం బోట్లు ఒడ్డుకు చేరినప్పుడు, లేదా ఒడ్డు నుంచి తాళ్లతో లాగే అలివి వలకు ఒక చేయి వేస్తే, కానాగంతలో కవళ్లో నాలుగు చేతిలో పెడతారు.

తీరపు టెంటుకు ఇసుకలో మామూలు మేకులు నిలవవు. గోనెసంచులలో ఇసుక నింపి, తాళ్లు వాటికి కట్టి, మూర లోతున పాతిపెట్టాలి. జనవరిలో మంచు ధారాళంగా కురుస్తుంది కాబట్టి రెండు పొరల టెంటు ఉండాలి. సర్వి తోపు నీడ గాలికి అడ్డుగా బాగుంటుంది గానీ, రాలిన ఎండుటాకు నిప్పురవ్వకు భగ్గున అంటుకుంటుంది. తోపులో పొయ్యి వెలిగించవద్దు, తడి ఇసుక మీద చిన్న గ్యాసు స్టవ్ చాలు. తాగునీరు ఇంటి నుంచే రోజుకు నాలుగైదు లీటర్ల చొప్పున తీసుకుపోవాలి. ఇసుకలో తవ్విన దొరువు నీరు స్నానానికి, గిన్నెలు కడగడానికి సరిపోతుంది. ఈ నెలలలోనే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి రాత్రివేళ ఒడ్డుకు వస్తాయి. ఆటుపోటు గీతకు బాగా ఎగువన టెంటు వేసి, సముద్రం వైపు దీపం పెట్టకుండా ఉండటం మన బాధ్యత. తాబేలు కనిపిస్తే టార్చి ఆపేసి, అది తిరిగి నీటిలోకి వెళ్లేదాకా కదలకుండా కూర్చోవాలి. ఆ అరగంట కోసమైనా నేను చెరువును వదిలి తీరానికి వెళతాను.

కనుక ఒక్కడే వెళ్లేవాడికి రెండు రాత్రులకు పాకల తీరం మేలు. గాలం మీదనే మనసున్నవాడికి, నీరు నిండిన ఏడాది, కంభం పగటి యాత్ర మేలు. ఏ చోటైనా అమావాస్య, పౌర్ణమి తిథులను చూసుకోవాలి. తీరంలో ఆ రోజులలో పోటు ఎక్కువ దూరం ఎక్కుతుంది, టెంటును ఇంకో యాభై అడుగులు వెనక్కి జరపాలి. పొద్దున, సాయంత్రం ఇంటికి ఫోను చేసే వేళ ముందుగా చెప్పి ఉంచాలి. ఆ వేళ దాటితే పల్లెపాలెంలో ఎవరికి ఫోను చేయాలో ఆ నంబరు ఇంట్లో వ్రాసిపెట్టాలి. అంబులెన్సుకు 108, సముద్రంలో ఆపదకు తీర రక్షక దళం నంబరు 1554, ఈ రెండూ ఫోనులో ఉంచుకోవడంతో పాటు టెంటు లోపలి గుడ్డ మీద పెద్ద అక్షరాలతో వ్రాసుకున్నాను.