కొత్త ల్యాప్‌టాప్‌కి ఏ లినక్స్? డెబియనా, ఫెడోరానా, మింటా?

మా బావమరిది వైజాగ్‌లో కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కుని, రైలు దిగి ఒడిశాలోని రాయగడ ఇంటికి రాగానే "బావా, ఇందులో లినక్స్ వెయ్యి" అన్నాడు. లినక్స్ అంటే విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమే, డెబియన్, ఫెడోరా, మింట్ దాంట్లో రకాలు, వీటినే డిస్ట్రోలు అంటారు. నాకు రెండేళ్లుగా అలవాటైన డెబియన్ 12 పెన్‌డ్రైవ్ చేతిలోనే ఉంది, ఆలోచించకుండా అదే వేసేశా. అన్నీ వచ్చాయి, వైఫై తప్ప. తప్పు నాదే. అందులో ఉన్నది రియల్‌టెక్ 8852బీఈ చిప్, దాన్ని నడిపే డ్రైవర్ కెర్నెల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) 6.2లో చేరింది, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో ఉన్నదేమో 6.1. ఒక్క మెట్టు దగ్గర ఆగిపోయాం.

కొత్త కెర్నెల్ బ్యాక్‌పోర్ట్స్‌లో (పాత డెబియన్‌కి కొత్త ప్యాకేజీలు ఇచ్చే చోటు) దొరుకుతుంది, కానీ దాన్ని తెచ్చుకోవడానికి నెట్ ఉండాలి కదా! ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ (ఫోన్ నెట్‌ని ల్యాప్‌టాప్‌కి ఇవ్వడం) ఆన్ చేసి గట్టెక్కాం. ఈ చిట్కా ఏ డిస్ట్రోకైనా పనికొస్తుంది.

అందుకే ముందు కెర్నెల్ నంబరు చూడండి, పేరు తర్వాత. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 6.12 ఉంది, మార్కెట్లోకి వచ్చి ఏడాది దాటిన మోడల్ అయితే నేను ఇదే వేస్తా, ఒకసారి సర్దితే మళ్లీ ముట్టుకునే పని ఉండదు.

నిన్నగాక మొన్న వచ్చిన ప్రాసెసర్ అయితే మాత్రం ఫెడోరానే. వెర్షన్ మారకుండానే కొత్త కెర్నెల్‌లు వస్తూ ఉంటాయి. దానికి తగ్గట్టే అప్‌డేట్లూ ఎక్కువ, మొబైల్ డేటా మీద బతికే మాలాంటి వాళ్లకి అది బరువే, పైగా ఒక్కో వెర్షన్‌కి సపోర్ట్ దాదాపు 13 నెలలే. కొన్ని వీడియోలు ఆడాలంటే ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే అదనపు సాఫ్ట్‌వేర్ భాండారం కూడా కలుపుకోవాలి.

చివరికి బావమరిదికి మింట్ 22.2 వేశా. ఉబుంటు 24.04 అనే ఇంకో డిస్ట్రో మీద కట్టింది, కెర్నెల్ 6.14, సపోర్ట్ 2029 దాకా. వాడికి పని కాగితాలు ఒడియాలో, ఇంటి కబుర్లు తెలుగులో. రెండు కీబోర్డులూ పెట్టి ఇచ్చా, ఇక ఫోన్ చెయ్యలేదు.

ఏది వేసినా ముందు లైవ్‌లో (ఇన్‌స్టాల్ చెయ్యకుండా పెన్‌డ్రైవ్ నుంచే) బూట్ చేసి వైఫై, సౌండ్, బ్రైట్‌నెస్ మీటలు చూసుకోండి. ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాలర్‌కి ఎస్‌ఎస్‌డీ కనబడకపోతే కంగారు పడొద్దు, చాలాసార్లు బయోస్ సెట్టింగుల్లో వీఎండీ (ఎస్‌ఎస్‌డీని తన అదుపులో ఉంచుకునే ఇంటెల్ సదుపాయం) ఆఫ్ చేస్తే కనబడుతుంది. విండోస్ కూడా ఉంచుకునేవాళ్లు మాత్రం ఆగండి, సిద్ధం చేసుకోకుండా అది ఆఫ్ చేస్తే విండోస్ బూట్ కాకపోవచ్చు.