ఈనాడు పేపరు: చేతిలో ఫోను ఉండగా ఇంకా ఎందుకు?

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన పేపరు ఇది, మా ఇంట్లో ఇప్పటికీ పొద్దున కాఫీతో పాటే రావాలి. ఒక నెల మానేసి ఫోన్లో ఈ-పేపరు చూశాను, వార్తల వరకు ఏ లోటూ లేదు, పైగా రాత్రే చదివేసిన వార్తను పొద్దున అచ్చులో చూస్తే చల్లారిన ఇడ్లీ తిన్నట్టుంటుంది. కానీ జిల్లా పేజీల్లో మన చుట్టుపక్కల ఊళ్ల సంగతులు వెతుక్కోవడం, ఆదివారం పజిల్ పెన్నుతో నింపడం ఫోన్లో కుదరలేదు, జూమ్ చేసి చేసి కళ్లు లాగేశాయి. మళ్లీ వేయించుకున్నా. చిరాకంతా పేపరు వేసే ఏజెంటుతోనే: వానొస్తే తడిసి ముద్దయిన పేపరు గేటు బయట పడుంటుంది, అడిగితే "కుర్రాళ్లు దొరకట్లేదు సార్" అంటాడు. మా ఆవిడ మాత్రం అల్మరాల్లో పరచడానికైనా పేపరు ఉండాల్సిందే అంటోంది.