భీమవరంలో "ఆకు ముట్టని పెద్ద చేపలు" కొనేవాళ్ళు జాగ్రత్త

ఒళ్ళు ఇంకా మండుతూనే ఉంది, వరస తప్పితే ఏమనుకోకండి. షాపు పేరు రాయను. భీమవరం చుట్టుపక్కల ఇంట్లో అక్వేరియం ట్యాంకులు పెట్టేవాళ్ళకి చెప్పక్కర్లేదు. డిస్కస్ చేపల్ని రీల్స్‌లో చూపించి "ఆయ్, కొత్త స్టాకొచ్చిందండీ" అంటాడే, ఆయనే.

నాది నాలుగడుగుల ట్యాంకు, సుమారు 240 లీటర్లు. అమెజాన్ స్వోర్డ్, వాలిస్నేరియా, ముందు వైపు మోంటే కార్లో మొక్కలు, వాటికి సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్, లైట్లు, అన్నీ సెట్టయ్యాయి. మొక్కల జోలికి పోని పెద్ద సైజు చేపలు కావాలని అడిగా. నేనడిగింది ఆ ఒక్కటే.

"రెడ్ సిల్వర్ డాలరండి, ఇంపోర్టెడ్. ప్లాంటెడ్ ట్యాంక్‌కి ఇదే కరెక్టు. ఆకు ముట్టదు, నాదీ గ్యారెంటీ" అన్నాడు. చేపపిల్లలు చూడ్డానికి ముచ్చటగానే ఉన్నాయి. ఒంటి మీద నల్ల చుక్కలు, పొట్ట కింద ఎరుపు. పీసు 350 చొప్పున ఆరు తీసుకున్నా, 2100 ఫోన్‌పే చేశా. బిల్లు అడిగితే "మన మధ్య బిల్లేంటండీ" అన్నాడు. నిజమే, మన మధ్య బిల్లేంటి!

మొదట వాలిస్నేరియా పోయింది. ఆకులు పైకి తేలి ఫిల్టర్ నోట్లో ఇరుక్కున్నాయి. ముదిరిన ఆకులేమో రాలుతున్నాయనుకుని ఎరువు డోసు పెంచా, అదొక తెలివి. తర్వాత స్వోర్డ్ ఆకుల అంచులు అర్ధచంద్రాకారంలో తెగిపోయాయి. ఒక పొద్దున లైటు వేస్తే ఆకు అన్నది లేదు, పులుసులోకి ఒలిచి పెట్టిన తోటకూర కాడల్లా ఈనెలు నిలబడి ఉన్నాయి. ఆరూ అద్దం దగ్గరకొచ్చి మేత కోసం నా వంక చూస్తున్నాయి. రాయికి కట్టిన జావా ఫెర్న్ ఒక్కటే మిగిలింది, దాని రుచి నచ్చలేదు కాబోలు.

ఉండి దగ్గర చెరువు చేసే మా బావకి ఫోటో పంపా. వెంటనే ఫోను. "బావా, ఇది చెరువుల్లో వేసే రూప్‌చంద్ సీడు (చేపపిల్లలు) కదా, దీన్ని అద్దాల పెట్టెలో పెట్టావేంటి?" అని ఒకటే నవ్వు. అవును, రూప్‌చందే. చందువా అని చెప్పి హోటళ్ళలో వేపుడు పెడతారే, అదే. చేపల మార్కెట్లో కిలోల లెక్కన తూచి ఇచ్చేదాన్ని, ఈ జిల్లాలో పుట్టి పెరిగిన నేను పీసు లెక్కన కొని ఇంటికి తెచ్చుకున్నా.

సరే, మోసం మోసమే. అసలు మండింది ఆ తర్వాత. షాపుకెళ్ళి ఫోటోలు చూపించా. డబ్బులు కూడా అడగలేదు, "చేపలు వెనక్కి తీసుకోండి, అంతే" అన్నా. అప్పుడు కౌంటర్ దగ్గర ఇంకో ఇద్దరు ఉన్నారు, ఒకాయన చంటిపిల్లాడిని ఎత్తుకుని గోల్డ్‌ఫిష్ చూపిస్తున్నాడు. షాపాయన నా ఫోను వంక సగం చూసి, వాళ్ళకి వినబడేలా అన్నాడు: "పెరగనివ్వండి గురువుగారూ, పులుసెట్టుకోవచ్చు. మీ డబ్బులెక్కడికీ పోవు." అందరూ నవ్వారు. పనికుర్రాడు కూడా. "గ్యారెంటీ అన్నారు కదండీ" అంటే, "చేప బతికే ఉంది కదా, గ్యారెంటీ చేపకే, మీ ఆకుకూరలకి కాదు" అని నావైపు వీపు పెట్టి ఆక్సిజన్ కవర్లు కట్టుకోవడం మొదలుపెట్టాడు. ఇంటికొచ్చి మెసేజ్ పెడితే బ్లాక్ చేసేశాడు.

తెలియక అమ్మాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. రూప్‌చంద్ అంటే రెడ్ బెల్లీడ్ పాకు, పిరానా కుటుంబమే. అమెజాన్, ఓరినోకో నదుల చేప. అక్కడ వరదకి అడవి మునిగినప్పుడు నీళ్ళలో పడే కాయలూ గింజలూ కొరికి తింటుంది, అందుకే దాని పళ్ళు మనిషి పళ్ళలా చదరంగా ఉంటాయి. నదిలో 80 సెంటీమీటర్లు దాటి పెరిగే చేప నాలుగడుగుల ట్యాంకులో ఎక్కడ తిరుగుతుంది? ఇంకో తమాషా ఏంటంటే, నిజంగా సిల్వర్ డాలరే ఇచ్చినా నా మొక్కలు మిగిలేవి కావు. అదీ ఆకులు తినే చేపే, కాకపోతే 15 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. అంటే ఆ మాటలో ఒక్క ముక్క కూడా నిజం లేదు.

మొక్కల మధ్య పెద్ద చేప కావాలంటే ఏంజెల్, పెర్ల్ గౌరామి చూడండి. బోస్‌మాని రెయిన్‌బో పది సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, గుంపుగా వదిలితే బాగుంటుంది. డిస్కస్ కూడా పర్లేదు, కానీ నీళ్ళు 28 నుంచి 30 డిగ్రీలు ఉండాలి, ఆ వేడికి అన్ని మొక్కలూ తట్టుకోవు. ఆస్కార్ మొక్కల్ని పీకి పారేస్తుంది, గోల్డ్‌ఫిష్, సెవెరమ్ తినేస్తాయి. కొనేముందు చేప శాస్త్రీయ నామం అడిగి కాగితం మీద రాయించుకోండి. రాయనంటే బయటికి వచ్చేయండి.

కాలవలో వదిలేయమని ఇప్పటికే ఇద్దరు సలహా ఇచ్చారు. బయటి దేశం చేపని గోదావరి కాలవలో ఎందుకు వదులుతానండీ? ఆరింటినీ బావ చెరువుకే పంపించేశా. ట్యాంకు ఖాళీ. పాలకొల్లు, తణుకు వైపు నిజంగా పేరు చెప్పి ఏంజెల్స్ అమ్మేవాళ్ళు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి. స్వోర్డ్ మొక్కలు ఎక్స్‌ట్రా ఉన్నవాళ్ళు కూడా.