పరగడుపు అంకె ఒక్కటే చూస్తే సరిపోదు: ఏడేళ్ల గ్లూకోమీటర్ అనుభవం

నాకు టైప్ 2 షుగర్ అని తేలి ఏడేళ్లు దాటింది. అప్పటి హెచ్‌బీఏ1సీ (ల్యాబ్‌లో చేసే ఒక షుగర్ పరీక్ష, సంగతి కింద చెబుతాను) 8.1 శాతం. మందులు రాసిచ్చిన రోజే డాక్టర్ గారు ఇంట్లో ఒక గ్లూకోమీటర్, అంటే వేలి రక్తపు చుక్కతో షుగర్ కొలిచే యంత్రం, పెట్టుకోమన్నారు. మొదటి మీటర్ రెండేళ్లు పనిచేసింది. రెండోది అయిదేళ్లుగా నా దగ్గరే ఉంది. అరచేతిలో ఇమిడిపోతుంది, అంకెలు పెద్దవిగా కనిపిస్తాయి, వెనకాల బిళ్లలాంటి బ్యాటరీ. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పేదంతా ఏ మీటర్‌కైనా వర్తిస్తుంది.

మీటర్ వాడడం వారంలో వచ్చేసింది. దాన్ని ఏం అడగాలో తెలియడానికి మాత్రం ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరా నేను పొద్దున లేవగానే, పరగడుపున మాత్రమే చూసుకున్నాను. 124, 133, 128, 137 (ఈ అంకెలన్నీ డెసిలీటర్ రక్తానికి మిల్లీగ్రాముల్లో). రోజూ నోట్‌బుక్‌లో రాసేవాణ్ణి. మీటర్‌లో నెల సగటు చూపించే బటన్ నొక్కితే 131 వచ్చేది. బాగానే ఉందని నిశ్చింతగా ఉన్నాను. తీరా ల్యాబ్‌లో చేయిస్తే హెచ్‌బీఏ1సీ 7.4 వచ్చింది. మీటరే తప్పు చూపిస్తోందనుకుని నోట్‌బుక్ పట్టుకుని డాక్టర్ గారి దగ్గరికి వెళ్లాను. ఆవిడ నాలుగు పేజీలు తిప్పి, "అన్నీ పొద్దుటివే రాశారండీ. మిగతా రోజంతా మీ ఒంట్లో ఏం జరుగుతోందో ఇందులో ఎక్కడుంది?" అన్నారు.

అప్పుడు లెక్క అర్థమైంది. ఎర్రరక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. రక్తంలో తిరిగే గ్లూకోజ్ కొద్దికొద్దిగా అందులోని హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. ఎంత అంటుకుందో కొలిచేదే హెచ్‌బీఏ1సీ. అంటే అది పగలూ రాత్రీ కలిపి రెండు మూడు నెలల సగటు చెబుతుంది. 7.4 అంటే సగటున 166 దగ్గర ఉన్నట్టు. నా పొద్దుటి సగటు 131. ఈ రెంటి మధ్య ఉన్న తేడా అంతా నేను చూసుకోని గంటల్లో ఉంది. మీటర్ అబద్ధం చెప్పలేదు, నేను అడిగిన ఒక్క ప్రశ్నకే జవాబిచ్చింది.

ఆ రోజు నుంచి జంటగా చూడడం మొదలుపెట్టాను. తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టిన రెండు గంటలకు ఇంకోసారి. రెండు గంటలు లెక్కపెట్టాల్సింది తినడం మొదలుపెట్టినప్పటి నుంచి. చాలామంది చేయి కడుక్కున్నాక లెక్కపెడతారు, నేనూ కొన్నాళ్లు అలాగే చేశాను. అమెరికా డయాబెటిస్ సంఘం చాలామంది పెద్దవాళ్లకు చెప్పే లక్ష్యం తినకముందు 80 నుంచి 130, తిన్న తర్వాత గరిష్ఠంగా 180 లోపు. వయసు, మందులు, ఇతర జబ్బులను బట్టి ఎవరి లక్ష్యం వారికి వేరుగా ఉంటుంది, అది డాక్టర్ చెప్పాలి. నాకు ఈ అంకెల కంటే వాటి మధ్య తేడా ఎక్కువ పనికొచ్చింది. 118 నుంచి 160కి వెళ్తే ఆ భోజనం నాకు పడినట్టు. 118 నుంచి 230కి వెళ్తే ఆ పళ్లెంలో పిండిపదార్థం ఎక్కువైనట్టు. రెండు నెలల్లో ఏది నాకు పడుతుందో, ఎంత తింటే సరిపోతుందో నా నోట్‌బుక్కే చెప్పింది. వేరేవాళ్ల జాబితా చూసి తినడం మానేశాను. ఒకే పదార్థం ఇద్దరి ఒంట్లో ఒకేలా పనిచేయదు.

నడక సంగతి కూడా అలాగే తేలింది. వారం తేడాతో రెండు రోజులు ఒకే భోజనం, ఒకే పరిమాణంలో, ఒకే సమయానికి తిన్నాను. మొదటి రోజు తిని కూర్చున్నాను, రెండు గంటలకు 196. రెండో రోజు తిన్న కాసేపటికి ఇరవై నిమిషాలు నడిచాను, 158. కండరాలు కదులుతున్నప్పుడు ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోని గ్లూకోజును లోపలికి లాక్కుంటాయట. నడవమని అప్పటికి ఎంతమంది చెప్పారో లెక్కలేదు. తెర మీద 158 చూసిన రోజు నుంచి మాత్రం ఆ నడక మానలేదు.

పొద్దుటి అంకె గురించి ఇంకో సంగతి. ఒక దశలో రాత్రి పడుకునే ముందు 128 ఉండేది, మధ్యలో ఏమీ తినకుండానే పొద్దున 148 అయ్యేది. తినకుండా ఎలా పెరుగుతుంది? రాత్రి భోజనం ఇంకా తగ్గించాను, అయినా అంతే. డాక్టర్ గారు రెండు మూడు రోజులు రాత్రి మూడింటికి లేచి చూడమన్నారు. అలారం పెట్టుకుని లేచి, నిద్రమత్తులో వేలు గుచ్చుకుని చూస్తే 121. ఇంకో రాత్రి 125. దాంతో సంగతి తేలింది. తెల్లవారుజామున శరీరం మేలుకోవడానికి సిద్ధమవుతూ కార్టిసోల్, గ్రోత్ హార్మోన్ లాంటి హార్మోన్లు విడుదల చేస్తుంది, వాటి ప్రభావంతో కాలేయం తన దగ్గర దాచుకున్న గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది. షుగర్ లేనివాళ్లలో ఇన్సులిన్ దాన్ని సర్దేస్తుంది, మనలో ఆ సర్దుబాటు చాలదు. మూడింటికి 60లోకి పడిపోయి ఉంటే కథ వేరు, అప్పుడు రాత్రి మందు ఎక్కువైందేమో ఆలోచించాలి. రెండు సందర్భాల్లోనూ పొద్దున ఎక్కువ అంకే కనిపించవచ్చు, చేయాల్సింది మాత్రం పూర్తిగా వేరు. నా రీడింగులు చూశాక ఆవిడ మందు వేసుకునే వేళ మార్చారు. ఎవరికి వారు మార్చుకునే పని కాదు ఇది.

ఈ సౌకర్యం ఒకప్పుడు రోగుల చేతికే అందేది కాదు. 1969 ప్రాంతంలో టైప్ 1 షుగర్ ఉన్న రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే అమెరికన్ ఇంజనీర్ రక్తంలో గ్లూకోజ్ కొలిచే యంత్రం గురించి తెలుసుకున్నాడు. దాన్ని డాక్టర్లకు, ఆసుపత్రులకే అమ్మేవారు. భార్య డాక్టర్ కావడంతో ఆమె పేరు మీద తెప్పించుకున్నాడు. రోజుకు పలుమార్లు చూసుకుంటూ తన షుగర్ ఎప్పుడు పెరుగుతోందో, ఎప్పుడు పడుతోందో పట్టుకుని, తర్వాత వైద్యం చదివి తానే డాక్టర్ అయ్యాడు. ఇది చదివిన రోజు నా మీటర్‌ను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాను.

ఇక మీటర్ ఎంతవరకు నిజం చెబుతుంది? ఒకసారి ఒకే వేలి నుంచి వెంటవెంటనే రెండు స్ట్రిప్పుల (మీటర్‌లో పెట్టి రక్తపు చుక్క తాకించే చిన్న పట్టీల) మీద చూశాను. 152, 163. చాలా టెన్షన్ పడ్డాను. ఐఎస్‌ఓ 15197 అనే, మీటర్ల కోసం పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100, అంతకు పైన ఉన్నప్పుడు నూటికి 95 రీడింగులు అసలు విలువకు 15 శాతం అటూ ఇటూ లోపల ఉంటే చాలు. 100 లోపు ఉన్నప్పుడు 15 పాయింట్లు అటూ ఇటూ ఉండొచ్చు. అంటే నిజంగా 150 ఉన్నప్పుడు 128 వచ్చినా 172 వచ్చినా యంత్రం నియమం దాటనట్టే. ఆ లెక్కన 152, 163 నాకు ఒకే అంకె. నిన్న 134, ఇవాళ 141 అని ఆందోళన పడడం అప్పటితో పోయింది. ఏడాదికోసారి ల్యాబ్‌లో పరగడుపు రక్తం ఇచ్చే నిమిషంలోనే నా మీటర్‌తోనూ చూసుకుంటాను. పోయినసారి ల్యాబ్ 134, మీటర్ 142. ఇలా పోల్చేది పరగడుపునే పోల్చాలి. తిన్న తర్వాత వేలి రక్తంలో, నరం నుంచి తీసిన రక్తంలో గ్లూకోజ్ సహజంగానే వేరుగా ఉంటుంది.

యంత్రం కంటే మన చేతులే ఎక్కువ తప్పులు చేస్తాయి. ఒక సాయంత్రం పండు ఒలిచి, ఇంకా తినకుండానే చూసుకుంటే 247 వచ్చింది. గుండె ఝల్లుమంది. సబ్బుతో చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని, వేరే వేలితో చూస్తే 136. వేలికి అంటిన పండు రసంలోని చక్కెర రక్తపు చుక్కలో కలిసిందన్నమాట. ఆ 247 చూసి ఎవరైనా ఇన్సులిన్ వేసుకుని ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ భయమేస్తుంది. గోరువెచ్చని నీళ్లతో కడుక్కుంటే చుక్క కూడా సులువుగా వస్తుంది. తడి ఉంటే రక్తం పలచబడి రీడింగ్ తగ్గుతుంది కాబట్టి తుడుచుకోవడం తప్పనిసరి. గుచ్చాల్సింది వేలి కొస మధ్యలో కాకుండా పక్కన, అక్కడ నొప్పి తక్కువ. చుక్క రాలేదని వేలిని గట్టిగా పిండకూడదు, కణాల మధ్య ఉండే నీరు కలుస్తుంది. చేయి కిందికి వేలాడేసి, మొదలు నుంచి కొసకు మెల్లగా ఒత్తితే చాలు. ఆవగింజంత చుక్కను స్ట్రిప్ అంచుకు తాకిస్తే అదే లోపలికి పీల్చుకుంటుంది, పైన పూయనక్కర్లేదు.

స్ట్రిప్పుల డబ్బా మూత గురించి నాకు పట్టింపు ఎక్కువ, ఇంట్లోవాళ్లందరికీ తెలుసు. స్ట్రిప్ మీద ఎంజైమ్ పూత ఉంటుంది. అది గ్లూకోజుతో చర్య జరిపినప్పుడు పుట్టే సన్నటి కరెంటునే మీటర్ కొలుస్తుంది. గాలిలో తేమ తగిలితే ఆ పూత పాడవుతుంది. ఒక వానాకాలం మూత సరిగా పడని డబ్బా రాత్రంతా అలాగే ఉండిపోయింది, మర్నాటి నుంచి రీడింగులు పొంతన లేకుండా వచ్చాయి. కంట్రోల్ ద్రావణం (గ్లూకోజ్ ఎంతుందో ముందే తెలిసిన, స్ట్రిప్పుల్ని పరీక్షించే ద్రావణం) వేసి చూస్తే డబ్బా మీద రాసిన హద్దుల్లోకి రాలేదు. ఇరవైకి పైగా స్ట్రిప్పులు పారేశాను. డబ్బా తెరిచిన తేదీని అప్పటి నుంచి మూత మీద పెన్నుతో రాస్తున్నాను, తెరిచాక ఎన్ని నెలలు వాడొచ్చో ప్రతి డబ్బా మీదా ఉంటుంది.

ఇన్నేళ్లలో మీటర్ రుణం తీర్చుకోలేనని అనిపించింది ఒక మధ్యాహ్నం. అప్పట్లో గ్లిమెపిరైడ్ అనే షుగర్ తగ్గించే మాత్ర వాడేవాణ్ణి. పొద్దున మాత్ర వేసుకున్నాను, పనిలో పడి భోజనం ఆలస్యమైంది. చెమటలు, చేతుల్లో వణుకు, ఎదుటివాళ్ల మాట దూరం నుంచి వస్తున్నట్టు ఉంది. చూసుకుంటే 58. 70 లోపు అంటే తక్కువ కిందే లెక్క. వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలు ఆగి మళ్లీ చూశాను. 76. ఆ తర్వాత భోజనం చేశాను. ఆ పదిహేను నిమిషాలు ఆగడం చాలా కష్టం, ఏది దొరికితే అది తినెయ్యాలనిపిస్తుంది. అలా తింటే గంటకు 250 చూస్తాం. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే ఆసుపత్రికే. ఇంకోసారి ఇలాంటి వణుకే వచ్చింది, చూస్తే 104. ఎక్కువ షుగర్‌కు అలవాటుపడిన ఒళ్లు మామూలు స్థాయిని కూడా తక్కువనుకుంటుందట. లక్షణాలను మాత్రమే నమ్మి ఉంటే ఆ రోజు అనవసరంగా గ్లూకోజ్ తాగేవాణ్ణి.

చేతికి అంటించుకునే సెన్సర్ కూడా రెండు వారాలు వాడి చూశాను. అది రక్తాన్ని కాకుండా చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలో గ్లూకోజును కొలుస్తుంది, కాబట్టి వేగంగా మారుతున్నప్పుడు కొన్ని నిమిషాలు వెనకబడి చూపిస్తుంది. ఆ చేయి మీద ఒత్తిగిలి పడుకున్న రాత్రి 62 అని అలారం మోగింది, వేలితో చూస్తే 109. అయినా రోజంతా గీతలా కనిపించడం అద్భుతం. ఇన్సులిన్ వాడేవాళ్లకు, రాత్రిళ్లు షుగర్ పడిపోయేవాళ్లకు అదే మేలని నా నమ్మకం. మాత్రల మీద ఉన్న నాకు జంట రీడింగులతో పని జరిగిపోతోంది.

నా మీటర్ మీద ఫిర్యాదులూ ఉన్నాయి. తినకముందా తర్వాతా అని గుర్తు పెట్టే బటన్ ఉంది గానీ చిన్నది, వయసు మళ్లినవాళ్ల వేలికి దొరకదు. తెరకు వెలుగు లేదు, రాత్రి మూడింటికి దీపం వేయాల్సిందే. అసలు ఖర్చు మీటర్‌ది కాదు స్ట్రిప్పులది, కొనేముందు ఆ స్ట్రిప్పులు ఎప్పుడూ దొరుకుతాయో లేదో కనుక్కోవాలి. వాడిన సూదులు నేరుగా చెత్తలో వేయవద్దు, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పోగుచేయండి. చెత్త తీసేవాళ్ల చేతులకు గుచ్చుకుంటాయి. ఒకరి సూది ఇంకొకరు వాడకూడదు, ఇంట్లోవాళ్లయినా సరే. రక్తహీనత ఉన్నవాళ్లకు మీటర్ అసలు కంటే ఎక్కువ చూపించే అవకాశం ఉంది, డాక్టర్‌తో ఆ మాట చెప్పాలి. షుగర్ ఉందా లేదా తేల్చుకోవడానికి మీటర్ సరిపోదు, అది ల్యాబ్ పని.

నా హెచ్‌బీఏ1సీ ఇప్పుడు 6.8. రోజూ చూసుకోవడం లేదు. వారంలో రెండు రోజులు, రోజుకో భోజనానికి ముందు, తర్వాత. కొత్త మందు మొదలైనప్పుడు, జ్వరం వచ్చినప్పుడు ఎక్కువ సార్లు.

మా చెల్లెలికి పోయిన నెల షుగర్ బయటపడింది. ఇలాంటి మీటరే కొనిచ్చాను. రెండో రోజే ఫోన్ చేసి, "అన్నయ్యా, 168 వచ్చింది, భయమేస్తోంది" అంది. "తినకముందా, తర్వాతా?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "గుర్తులేదు" అంది. నిన్న రాత్రి మళ్లీ ఫోన్ చేసింది. హలో అనేలోపే, "తినకముందు 121, రెండు గంటలకు 164" అంది.